వెనకాల ఎవరూ రావద్దు

చిక్కడపల్లి,
9 జూన్ 2025

చిరంజీవి బుచ్చిబాబుకి,

అక్కయ్య ఆశీస్సులు. చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. ఆ మాట రాస్తే నువ్వు దాన్ని తిరగేసి చదువుతావని తెలుసు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను.

సంగతి ఇదీ. మార్చిలో మెట్రోలో నాకు వచ్చింది గుండెపోటు కాదని చెప్పాను కదా. ఏప్రిల్‌లో కూరగాయల బజారులో ఒకసారి, మేలో మా అపార్టుమెంటు మెట్ల మీదే ఒకసారి అలాగే వచ్చింది. గుండె దడ, చేతుల తిమ్మిరి, ఊపిరి అందకపోవడం, ఇక నా పని అయిపోయిందన్న నమ్మకం. మూడుసార్లూ ఈసీజీ శుభ్రంగా ఉంది. దీన్ని పానిక్ జబ్బు అంటారట. దీనికి ఏ వైద్యం బాగా పనిచేస్తుందో తేల్చడానికి నారాయణగూడలో ఒక ఆసుపత్రి వాళ్ళు పరిశోధన చేస్తున్నారు. చేరిన వాళ్ళలో సగం మందికి మాత్రలు, మిగతా సగానికి మాత్రలతో పాటు ఒక రకం సాధన. ఎవరికి ఏదన్నది కంప్యూటరు లాటరీ తీస్తుంది. నాకు సాధన వచ్చింది. పన్నెండు వారాలు వెళ్ళాలి.

సాధన చేయించే అమ్మాయి పేరు ఆమని. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మొదటి రోజే, భయం వస్తే మీరేం చేస్తారు మేడమ్ అని అడిగింది. మా తమ్ముడికి ఫోన్ చేస్తాను, ఏం కాదక్కయ్యా, నీళ్ళు తాగి కూర్చో అంటాడు, తగ్గుతుంది అన్నాను.

"అదే ప్రాబ్లం మేడమ్. తగ్గించింది మీ తమ్ముడు అనుకుంటరు. అది దానంతట అదే తగ్గుతదని మీకెప్పుడు తెలవాలె?" అంది.

అందుకని పన్నెండు వారాలు భయం వేసిందని నీకు ఫోన్ చేయకూడదు. నువ్వు ఎలా ఉన్నావని ఫోన్ చేసినా నేను ఎత్తకూడదు. ఉత్తరాలు రాసుకోవచ్చా అని అడిగితే నవ్వి, రాసుకోండి, అది చేరేసరికి భయం ఎట్లైనా పోతది అంది. సంచీలో మంచినీళ్ళ సీసా, భయం వస్తే వేసుకుందామని కొంగున కట్టుకున్న మాత్ర కూడా మానేయమంది. నీళ్ళ సీసా దగ్గర నాకు చాలా కోపం వచ్చింది గానీ మానేశాను.

ఆగస్టు ఆఖరున వచ్చి ఈ ఇంటికి తాళం వేసి నన్ను విశాఖపట్నం తీసుకుపోతానన్నావు. ఇది నా జీతంతో నేను కొనుక్కున్న ఇల్లు. పెళ్ళి చేసుకోనన్నప్పుడు నాన్నతో కూడా ఇంత పోట్లాడలేదు, ఈ ఇంటి కోసం పోట్లాడతాను. అశోక్‌నగర్‌లో గ్రూప్ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పేదాన్ని. మార్చి నుంచి వెళ్ళలేదు. నాకు ఆ పిల్లలు కావాలి, ఈ ఇల్లు కావాలి. మీ ఇంట్లో వెనక గది వద్దు. తాళం మాట పన్నెండు వారాలయ్యాక ఎత్తు.

పని చేసే మహేశ్వరి రోజూ వస్తున్నది. వాళ్ళాయన కురుమయ్య మహబూబ్‌నగర్ పొలం మీద వచ్చిన డబ్బుతో సొంత ఆటో కొన్నాడు. నీ మరదలి మోకాలు ఎలా ఉందని రాయబోయాను, నా మరదలు అని రాయాలి. చూశావా, ఉత్తరాలు రాసి ఎన్నాళ్ళయిందో.

నీ అక్కయ్య,
కమలాకుమారి


విశాఖపట్నం,
17 జూన్ 2025

అక్కయ్యకి, బుచ్చిబాబు నమస్కారాలు.

ఈ వీధిలో సొంత చేత్తో రాసిన ఉత్తరం ఇచ్చి నాలుగేళ్ళయిందని పోస్ట్‌మాన్ అన్నాడు. కవరు మీద నీ చేతిరాత చూసి నీ మరదలు విప్పకుండానే ఏడ్చింది. మోకాలు అలాగే ఉంది. ఇక్కడ ఒకటే ఉక్క.

లాటరీ అని చదివి మొదట నీకేదో తగిలిందనుకున్నాను. మా అమ్మాయి కీర్తన మళ్ళీ చదివి చెప్పింది. ఎక్కడైనా లాటరీ వేసి వైద్యం చేస్తారా అక్కయ్యా? మా తోడల్లుడిని అడిగాను. పళ్ళ డాక్టరే అనుకో, అయినా డాక్టరే కదా. పరిశోధన అంటే మనుషుల మీద ప్రయోగమే అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళు ఆడపిల్లల బళ్ళో లెక్కల టీచరుగా చేసి, ఈ వయసులో కుందేలు పిల్లలా వాళ్ళ చేతికి చిక్కడం ఏమిటి?

ఇంకొకటి. నీకు ఒంట్లో బాగా లేకపోతే నాకు తెలియకూడదా? ఈ వారంలో నేను ఇరవైసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తవు. ఆ అమ్మాయికి తమ్ముళ్ళు లేరేమో.

అది వెనక గది కాదు, తూర్పు గది. కొత్త ఫ్యాను బిగించాం. నీ పుస్తకాలకి గోడ బీరువా కూడా చేయిస్తున్నాను. ఆగస్టు 30న ముగ్గురం వస్తాం. దయచేసి అప్పటిదాకా ఒక్కదానివే ఎక్కడికీ వెళ్ళకు.

నీ తమ్ముడు,
బుచ్చిబాబు


చిక్కడపల్లి,
25 జూన్ 2025

బుచ్చీ,

ఆశీస్సులు. కుందేలు పిల్లకి నిన్న ఏం చేశారో విను. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆమని నన్ను ఒక నిమిషం గిరగిరా తిప్పింది. తర్వాత కొబ్బరిబొండంలో వేసే స్ట్రా ఇచ్చి, ముక్కు మూసుకుని దాంట్లోంచే గాలి పీల్చమంది. ఆ తర్వాత రెండంతస్తుల మెట్లు పరిగెత్తించింది. కావాలనే దడ, తల తిరుగుడు, ఊపిరాడకపోవడం తెప్పిస్తారు. వచ్చినవాటితో ప్రాణం పోదని ఒంటికి తెలియాలట. నేను తిట్టాను. ఆమె గడియారం చూస్తూ కూర్చుంది. భయం నూటికి తొంభై దాకా పోయి, పదకొండు నిమిషాల్లో ఇరవైకి దిగింది. పక్కవాళ్ళు ఎవరూ ఏమీ చేయలేదు. ఇంటికొచ్చి గ్రాఫు కాగితం మీద గీసుకున్నాను. కొండలా లేచి దిగిపోయింది.

ప్రయోగం అన్నావు. అవును, ప్రయోగమే. పదకొండు పేజీలు చదివి సంతకం పెట్టాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చని అందులో రాసి ఉంది. తూర్పు గది ప్రయోగంలో అలాంటి వాక్యం నాకు కనిపించలేదు.

లాటరీ ఎందుకంటే, ఏది మంచిదో ఇంకా ఎవరికీ రూఢిగా తెలియదు కాబట్టి. డాక్టరు తనకి నచ్చినవాళ్ళకి ఒకటి, నచ్చనివాళ్ళకి ఇంకొకటి ఇస్తే లెక్క చెడుతుంది. ఇది మీ తోడల్లుడికి కూడా వివరించు.

శనివారం బయటి పని మొదలైంది. ఇంటి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, తిరిగి రావాలి. సీసా లేదు, మాత్ర లేదు, ఫోను ఇంట్లో. వచ్చాక వాళ్ళిచ్చిన పుస్తకంలో గళ్ళు నింపాలి. ఒంటరిగానా అనే గడి ఒకటుంది. అందులో అవును అని రాసినప్పుడు, చాలా ఏళ్ళ తర్వాత నాకు నేను ఫస్టు క్లాసు వేసుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, నీకు కాబట్టి చెప్తున్నాను.

అక్కయ్య


విశాఖపట్నం,
5 జూలై 2025

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. స్ట్రా దగ్గర కీర్తన పడి పడి నవ్వింది. నేను మాత్రం ఆ ముక్క చదువుతూనే లేచి కిటికీ తెరవాల్సి వచ్చింది. అయినా నువ్వు గట్టిదానివి, చిన్నప్పటి నుంచీ అంతే.

ఒక్క మాట విను. ఎండలో మరీ అంత తిరగకు. రెండోసారి వెళ్ళినప్పుడు చెరుకురసం బండి పక్కన బల్ల మీద పావుగంట కూర్చున్నావు, పక్కనే నీడ ఉంది కదా, అక్కడ కూర్చోవచ్చు కదా. మొన్న మంగళవారం ఏకంగా హైదర్‌గూడ దాకా పోయావు. మధ్యలో ఆ పెద్ద రోడ్డు దాటడం నాకేమీ నచ్చలేదు. గొడుగైనా పట్టుకెళ్ళు.

గోడ బీరువా అయిపోయింది. రంగు ఏది వేయించమంటావు?

బుచ్చిబాబు


చిక్కడపల్లి,
12 జూలై 2025

బుచ్చిబాబూ,

చెరుకురసం బండి సంగతి నీకు నేను రాయలేదు. హైదర్‌గూడ సంగతీ రాయలేదు.

నీ ఉత్తరం చేత్తో పట్టుకుని కిందికి దిగాను. గేటు దగ్గర కురుమయ్య ఆటో తుడుస్తున్నాడు. నా మొహం చూడగానే గుడ్డ కింద పెట్టాడు.

"సారు రోజూ ఫోన్ జేస్తుండు అమ్మా. మా అక్క ఒక్కతే పోతది, జర ఎనక ఎనక పో, ఆమెకు కనబడకు అన్నడు. పైసలిస్తనన్నడు, నేను తీస్కోలె. మీరు పడితే ఎత్తనీకి ఒక మనిషి ఉండాలె గద" అన్నాడు.

"నేను పడ్డానా?"

"లే."

"పడేటట్టు ఉన్నానా?"

"చెరుకురసం కాడ జర పరేషాన్ అయినరు. నేను దిగి రావాలె అనుకున్న. గంతల మీరే లేసి పోయినరు."

వాడిని ఏమంటాను? మహేశ్వరి గుమ్మంలో నిలబడి, గా సారు మాట మేం కాదంటమా అని ఏడుపు మొహం పెట్టింది. వాళ్ళ తప్పేమీ లేదు. తప్పు నీది.

ముప్ఫై ఒక్కేళ్ళు పరీక్ష హాలులో కాపలా తిరిగాను నేను. ఎందరి దగ్గర చీటీలు పట్టుకున్నానో లెక్కలేదు. ఈ వయసులో నేను పరీక్ష రాస్తుంటే, నాకు తెలియకుండా నువ్వు నా సంచీలో చీటీ పెట్టావు. నాలుగుసార్లు బయటికి వెళ్ళాను. నాలుగు గళ్ళలో అవును అని రాశాను. నాలుగూ అబద్ధాలు. నా చేత అబద్ధం రాయించినవాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే.

నిన్న ఆసుపత్రికి వెళ్ళి చెప్పేశాను. పెద్ద డాక్టరు రాజశేఖర్ గారు అంతా విని, ఆ నాలుగు రోజుల పక్కన జరిగింది జరిగినట్టు రాసుకున్నారు. నన్ను తీసేయలేదు. ఆమని మాత్రం, ఆ ఆటో ఆయన వెనకాల ఉన్నట్టు మీకు తెలవదు కదా మేడమ్, మరి భయాన్ని తట్టుకున్నది ఎవరు అంది. ఆ మాట నిజమే కావచ్చు. నాకు చాలదు. నాలుగూ మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను.

నువ్వు నన్ను నమ్మలేదు. దానికి నాకు కోపం కాదు, బాధ. కోపం కూడా ఉంది. బీరువాకి నీకు నచ్చిన రంగు వేసుకో, అందులో నీ పుస్తకాలు పెట్టుకో.

కమలాకుమారి


విశాఖపట్నం,
22 జూలై 2025

అక్కయ్యకి,

వారం రోజులు ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదివాక నన్ను తిట్టుకో.

మీ అపార్టుమెంటు సెక్రటరీ రామచంద్రం గారికి సెప్టెంబరు నుంచి ఇల్లు అద్దెకిస్తామని జూన్‌లోనే చెప్పాను. ఇల్లు చూపించడానికి ఎవరినో తీసుకొస్తారు. ఇది నీకు ముందే చెప్పాల్సింది.

నువ్వు పడిపోతావని కాదు అక్కయ్యా. నువ్వు పడిపోయావని నాకు ఫోన్ వస్తే నేనేమైపోతానో అని. ఆఫీసులో లిఫ్టు ఎక్కి మూడేళ్ళయింది. ఆరో అంతస్తుకి మెట్ల మీదే వెళ్తాను, ఒంటికి మంచిదని అందరికీ చెప్తాను. నీ మరదలు పక్కన లేకుండా రైలెక్కి ఐదేళ్ళయింది. మార్చిలో నిన్ను ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఆడిట్ ఉంది, రాలేనన్నాను. ఆడిట్ లేదు. ఆ వారం నీ మరదలు పుట్టింట్లో ఉంది. నేను స్టేషను దాకా వచ్చి, టికెట్టు చేత్తో పట్టుకుని ఇంటికి తిరిగి వెళ్ళిపోయాను.

నాన్న ఆఖరి నాలుగేళ్ళు గడప దాటలేదు. గుండె జబ్బన్నాం. ఏ డాక్టరూ ఆ మాట అనలేదు, మనమే అన్నాం. నీ మొదటి ఉత్తరంలో ఆ లక్షణాలు చదివినప్పుడు నా గురించి ఎవరో రాసినట్టు అనిపించింది. భయపడి మా తోడల్లుడి మీద తోశాను.

అందుకే నువ్వు వచ్చేయి. ఇద్దరం ఒకచోట ఉంటే ఒకరికొకరం ఆసరా. నీ మరదలికి ఇవేవీ తెలియవు.

బుచ్చి


చిక్కడపల్లి,
5 ఆగస్టు 2025

బుచ్చీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం పోలేదు, ఏడుపూ ఆగలేదు. ఆడిట్ లేదన్న ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆసుపత్రి మంచం మీద పడుకుని తలుపు వంక చూశాన్రా నేను.

ముందు నా సంగతి. రామచంద్రం గారు ఒక జంటని వెంటబెట్టుకొచ్చి, బుచ్చిబాబు గారు చూపించమన్నారండీ అన్నారు. రిజిస్ట్రేషను కాగితాల మీద బుచ్చిబాబు పేరుందా అని అడిగాను. ఆయన దగ్గరున్న రెండో తాళంచెవి తీసుకున్నాను. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, కాఫీ ఇచ్చి పంపాను.

శనివారం మెట్రో ఎక్కాను. మార్చిలో నన్ను పడగొట్టిన బండే, చిక్కడపల్లి నుంచి పెద్ద బస్టాండు దగ్గరి ఎంజీబీఎస్ స్టేషను దాకా. బయల్దేరుతుంటే కురుమయ్య ఆటో తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేను రాలేదని మీకు నమ్మకం ఉండాలె గదమ్మా" అన్నాడు. గిరాకీ పోతుందిరా అంటే, ఒక్క పూటకు ఏం కాదన్నాడు.

నారాయణగూడ దాకా ఏమీ లేదు. సుల్తాన్ బజార్‌లో తలుపులు మూసుకున్నాయి, మొదలైంది. ఇదివరకటి అన్నిటికన్నా పెద్దది. చేతులు నావి కావు. చెవుల్లో హోరు. లేచి తలుపు దగ్గరికి పోబోయాను. దిగిపోతే భయానికే మార్కులు పడతాయి, నాకు కాదు. కూర్చున్నాను. పారిపోకుండా దాన్ని ఇంకా రమ్మనండి అని ఆమని చెప్పింది. ఇంతేనా, నీకు చేతనైంది ఇంతేనా, కొట్టుకో, ఇంకా కొట్టుకో అని పైకే అన్నాను. పక్కన కూర్చున్నావిడ లేచి దూరంగా పోయింది. పోనీ. ఎంజీబీఎస్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడి గడియారం చూసుకున్నాను. పద్నాలుగో నిమిషానికి తగ్గింది. ఎవరూ తగ్గించలేదు. నీళ్ళు తాగలేదు. తిరుగుబండి ఎక్కాను.

సాయంత్రం అశోక్‌నగర్ వెళ్ళాను. ఐదు నెలలుగా మిగిలిపోయిన శాతాల లెక్కలన్నీ పిల్లలు నా ముందు పెట్టారు. ఎనిమిదిన్నర దాకా చెప్పి నడిచి ఇంటికొచ్చాను.

ఇప్పుడు నీ సంగతి. మొదట మీ ఆవిడకి చెప్పు. తర్వాత అక్కడి పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకి చూపించుకో, పళ్ళ డాక్టరుకి కాదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని తూర్పు గదిలో కూర్చుంటే అది ఆసరా కాదు, నాన్న గడపే. నేను రాను.

నువ్వు రా. ముగ్గురూ కాదు, నువ్వొక్కడివే.

అక్కయ్య


విశాఖపట్నం,
24 ఆగస్టు 2025

అక్కయ్యా,

నీ మరదలికి చెప్పాను. మూడేళ్ళ నుంచి తెలుసంది. ఉప్మా కలుపుతూ తలెత్తకుండా అంది.

డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. నీ దగ్గరున్నట్టు పరిశోధన ఏమీ లేదు గానీ మాత్ర రాశారు, చిన్న చిన్న దూరాలతో మొదలుపెట్టమన్నారు. నేను ఆగలేదు. నిన్న శనివారం పగటి బండి ఎక్కాను, ఒక్కణ్ణే. అనకాపల్లి దాకా బాగున్నాను. ఎలమంచిలి దాటాక వచ్చింది. నీలాగే ఇంకా రా అన్నాను. వచ్చింది. తట్టుకోలేకపోయాను. తునిలో దిగిపోయాను.

రెండు గంటలు స్టేషను బల్ల మీద కూర్చుని బస్సులో ఇంటికొచ్చేశాను. నీకు ఫోన్ చేయబోయి ఆగాను. నేను చేయగలిగింది ఆ ఒక్కటే. యాభై నాలుగేళ్ళవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీకు నయమైంది కదా. ఒక్కసారి నువ్వు వచ్చి నన్ను నీతో తీసుకుపో. నువ్వు పక్కన ఉంటే కూర్చోగలను. ఇల్లు, తాళం, ఏదీ అడగను.

బుచ్చి


చిక్కడపల్లి,
1 సెప్టెంబరు 2025

చిరంజీవి బుచ్చికి,

ఇవాళ్టితో పన్నెండు వారాలు అయిపోయాయి. నయమైందన్నావు. వాళ్ళ కాగితంలో ఆ గడి లేదు. జూన్‌లో నా జబ్బుకి ఇరవై మూడు మార్కులు, ఇవాళ ఎనిమిది. పోలేదు, తగ్గింది. పోయిన వారం బట్టల షాపులో ఒకసారి వచ్చింది కూడా. చీర కొనుక్కునే బయటికొచ్చాను.

నువ్వు చెడగొట్టిన నాలుగు రోజులూ నా పేరు కిందే ఉన్నాయి. చేరినవాళ్ళందరినీ ఆఖరి లెక్కలో ఉంచుతారట, మధ్యలో మానేసినవాళ్ళని కూడా. గెలిచినవాళ్ళనే లెక్కపెడితే వైద్యం గురించి అబద్ధం తేలుతుందన్నారు రాజశేఖర్ గారు. నాకు ఆ మాట చాలా నచ్చింది. నువ్వొక పుస్తకం కొని గళ్ళు గీసుకో. ఎలమంచిలి దాకా ఒంటరిగా, అవును. తునిలో దిగాను, అవును. రెండూ రాయి. సిగ్గుకి గడి పెట్టకు.

నీ ఉత్తరం చదివిన గంటలో సికింద్రాబాద్ వెళ్ళి విశాఖకి టికెట్టు కొన్నాను. జూన్‌లో నీళ్ళ సీసా లేకుండా గేటు దాటలేని దాన్ని, రాత్రంతా రైల్లో ఒక్కదాన్నే రాగలనని ఇప్పుడు నాకు తెలుసు. సంచీ కూడా సర్దుకున్నాను. నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయాలని ఎంత అనిపించిందో చెప్పలేను. నువ్వు కురుమయ్యని నా వెనక ఎందుకు పంపావో ఆ రోజు నాకు అర్థమైంది. మర్నాడు వెళ్ళి టికెట్టు రద్దు చేయించాను.

నేను రాను బుచ్చీ. నేను పక్కన కూర్చుంటే హైదరాబాదు చేరేది నువ్వు కాదు, నేనే. ఈసారి తుని, పైసారి సామర్లకోట. రాజమండ్రిలో దిగినా పరవాలేదు, మళ్ళీ ఎక్కు. ఎన్ని నెలలైనా సరే. నీ వెనక ఎవరినీ పంపను, ఎక్కడిదాకా వచ్చావని ఫోన్ చేసి అడగను, ఎంత మనసు పీకినా అడగను.

స్టేషనుకి కూడా రాను. ఇంట్లోనే ఉంటాను. వచ్చి తలుపు కొట్టు.

అక్కయ్య